దుష్టుని నుండి కాపాడమని అడగడం: విజ్ఞాపన బృందాలకు చేసిన ప్రసంగ పాఠం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది సంఘాల్లో ప్రార్థన బృందాలు నడిపేవాళ్ళు. ఎవరింట్లో ఏ కష్టం వచ్చినా మొదటి ఫోను మీకే వస్తుంది. "అమ్మా, మా పిల్లాడి కోసం ప్రార్థన చేయండి, ఏదో కీడు వెంటాడుతోంది" అంటారు. ఆ ఫోను పెట్టేశాక దేవుణ్ణి ఏం అడగాలి, ఎలా అడగాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ పూట మన విషయం.

యోహాను సువార్త 17వ అధ్యాయం తీయండి. కడరా భోజనం అయింది, కెద్రోను వాగు ఇంకా దాటలేదు. మరికొన్ని గంటల్లో ఆయన్ను పట్టుకుంటారు. ఆ సమయంలో ప్రభువు శిష్యుల కోసం తండ్రిని వేడుకుంటున్నాడు. 15వ వచనం చూడండి. లోకంలోనుండి వీళ్ళను తీసుకుపొమ్మని నేను అడగడం లేదు, దుష్టుని నుండి కాపాడమని అడుగుతున్నాను అంటాడు. కాపుదల గురించి మనకు తెలియవలసిన ముఖ్యమైన సంగతి ఈ ఒక్క వచనంలో ఉంది. అడగనిదేమిటో ముందు చెప్పి, అడిగేదేమిటో తర్వాత చెప్పాడు. శిష్యులు లోకంలోనే ఉంటారు, దెబ్బలు తింటారు, చెరసాలకు వెళతారు. దుష్టుడు మాత్రం వాళ్ళను తండ్రి చేతిలోనుండి లాక్కోకూడదు.

అదే రాత్రి పేతురుతో అన్న మాట లూకా 22:31, 32లో ఉంది. గోధుమల్ని జల్లించినట్టు మిమ్మల్ని జల్లించాలని సాతాను కోరుకున్నాడు, నీ నమ్మిక తప్పిపోకూడదని నేను నీకోసం వేడుకున్నాను అన్నాడు. ఆ జల్లెడను ఆపమని ప్రభువు అడగలేదు. జల్లెడ ఆడింది. కోడి కూసేలోపు పేతురు మూడుసార్లు ఆయన్ను ఎరగనన్నాడు. ఆ ప్రార్థనకు జవాబు రాలేదా మరి? వచ్చింది. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు, తిరిగి వచ్చాడు, సహోదరులను స్థిరపరచాడు. ప్రభువును అప్పగించిన యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు, కానీ తిరిగి రాలేదు. ఒక మనిషి మీదికి కీడు వచ్చినప్పుడు మనం ముందుగా అడగవలసింది అతని నమ్మిక నిలవాలని. ఉద్యోగం, ఆరోగ్యం, కోర్టు కేసు అన్నీ అడగండి, తప్పులేదు. ఈ ఒక్కటి మాత్రం ఏ మనవిలోనూ విడిచిపెట్టకండి.

ఇప్పుడు రోమా 15:30 నుండి 32 వరకు చూడండి. కాపుదల కోసం ఒక మనిషి సంఘాన్ని ఎలా అడగాలో, దేవుడు ఎలా జవాబిస్తాడో పూర్తిగా కనిపించే చోటు ఇది. దీనిమీద కాస్త ఎక్కువసేపు నిలుద్దాం. పౌలు యెరూషలేముకు బయలుదేరుతున్నాడు. అక్కడి పేద పరిశుద్ధుల కోసం మాసిదోనియ, అకయ సంఘాలు పోగుచేసిన డబ్బు తీసుకెళుతున్నాడు. నాతో కలిసి ప్రార్థనలో పోరాడండి అని రోమా సంఘాన్ని బతిమాలుతున్నాడు. అడిగినవి మూడు. యూదయలో నమ్మనివారి చేతిలోనుండి తప్పించబడాలి. ఆ డబ్బును పరిశుద్ధులు ఇష్టంగా అందుకోవాలి. దేవుని చిత్తమైతే సంతోషంగా రోమాకు రావాలి. అపాయం ఎక్కడో, ఎవరివల్లో, పని ఏమిటో అన్నీ చెప్పాడు. "నాకోసం ప్రార్థించండి" అని ఊరుకోలేదు.

జరిగిందేమిటో అపొస్తలుల కార్యములు 21 నుండి చదవండి. దేవాలయంలో గుంపు పౌలును పట్టుకుని కొట్టింది. చంపబోతుంటే రోమా సహస్రాధిపతి సైనికులతో పరుగెత్తుకొచ్చి విడిపించి, రెండు సంకెళ్ళు వేశాడు. ఆ తర్వాత నలభైమందికి పైగా, పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ మాట పౌలు మేనల్లుడి చెవిన పడింది. ఆ కుర్రాడు కోటలోకి వెళ్ళి మామయ్యకు చెప్పాడు, పౌలు శతాధిపతిని పిలిచాడు, శతాధిపతి కుర్రాణ్ణి సహస్రాధిపతి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి తొమ్మిది గంటలకు రెండువందల మంది సైనికులు, డెబ్భైమంది గుర్రపు రౌతులు, రెండువందల మంది ఈటెలవాళ్ళు, మొత్తం నాలుగువందల డెబ్భైమంది కాపలాతో ఒక్క ఖైదీ ఊరు దాటాడు. ఆ తర్వాత కైసరయలో రెండేళ్ళు బంధకాల్లో ఉన్నాడు. ఓడ బద్దలైంది, అందులో ఉన్న 276 మందీ ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. చివరికి సంకెళ్ళతోనే రోమాకు చేరాడు.

రోమా సంఘంలో ప్రార్థించినవారి మనసులో ఈ దారి ఉండి ఉంటుందా? "తప్పించు ప్రభువా" అన్నప్పుడు వాళ్ళ ఊహకు అందినది ఇంకేదో అయి ఉంటుంది. అయినా నమ్మనివారి చేతిలో పౌలు చనిపోలేదు, రోమాకు చేరాడు. కాపుదల ఒక కుర్రాడి చెవి ద్వారా, ఒక అధికారి బాధ్యత ద్వారా, రోమా పౌరసత్వ చట్టం ద్వారా వచ్చింది. దేవదూతలు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పేతురును చెరసాలలోనుండి బయటికి తెచ్చింది దూతే. కానీ పోలీసు స్టేషను ద్వారానో, డాక్టరు ద్వారానో, పక్కింటివాళ్ళ ద్వారానో వచ్చిన సహాయం దేవుని జవాబు కాదని అనుకునేవాళ్ళు ఈ అధ్యాయాలు మళ్ళీ చదవాలి.

మనం విజ్ఞాపన, అంటే ఇతరుల కోసం ప్రార్థన, చేస్తున్నామంటే మనకంటే ముందు ఇంకొకరు చేస్తున్నారని గుర్తుంచుకోవాలి. హెబ్రీ 7:25 ప్రకారం క్రీస్తు మనకోసం విజ్ఞాపన చేయడానికి నిరంతరం జీవిస్తున్నాడు. రోమా 8:34లో ఆయన దేవుని కుడి పార్శ్వమున ఉండి అదే చేస్తున్నాడు. అదే అధ్యాయం 26లో, ఎలా ప్రార్థించాలో మనకు తెలియనప్పుడు ఆత్మ తానే మన పక్షాన విజ్ఞాపన చేస్తున్నాడు. అంటే మనం వెళ్ళేది ఇప్పటికే నడుస్తున్న ప్రార్థనలో చేరడానికి. ఇది తెలిస్తే రెండు భారాలు దిగిపోతాయి. మొదటిది, నేను సరిగా ప్రార్థించకపోతే ఆ బిడ్డకు ఏమవుతుందో అన్న భయం. రెండోది, ఫలానా దైవజనుడు ప్రార్థిస్తేనే పైకి చేరుతుందన్న భ్రమ. ఏలీయా కూడా మనవంటి స్వభావంగల మనిషే అని యాకోబు 5:17 చెబుతోంది. కతోలిక సహోదరులు పరిశుద్ధుల విజ్ఞాపనను కూడా వేడుకుంటారు, గుణదల మాత దగ్గర అదే చూస్తాం. ప్రొటెస్టంటు సంఘాలు క్రీస్తు ద్వారా నేరుగా వెళతాయి. ఈ భేదం ఉన్నదే. కానీ ఒకరి కోసం ఒకరు ప్రార్థించాలన్న ఆజ్ఞ అందరికీ ఒక్కటే.

ఇక 91వ కీర్తన సంగతి. మన ఇళ్ళలో ఈ కీర్తన రానివాళ్ళుండరు. తలుపుమీద రాస్తాం, బండిమీద అంటిస్తాం, ఆపరేషన్ థియేటరు బయట చదువుతాం. చదవాలి. అయితే ఇదే కీర్తనను సాతాను కూడా చదివాడని మత్తయి 4:6లో ఉంది. దేవాలయ శిఖరంమీద ప్రభువును నిలబెట్టి, దూకు, దూతలు ఎత్తిపట్టుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. కీర్తనలో 11వ వచనంలో "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు" అని ఉంది. మత్తయిలో సాతాను ఆ మాటలు వదిలేశాడు. దేవుడు నడవమన్న మార్గంలో కాపుదల ఉంది, శిఖరంమీదనుండి దూకడం ఆ మార్గం కాదు. ప్రభువు ద్వితీయోపదేశకాండం 6:16తో జవాబిచ్చాడు, దేవుణ్ణి శోధించకూడదన్నాడు. హెల్మెట్టు లేకుండా బండి నడుపుతూ ఈ కీర్తనను స్టిక్కరుగా అంటించుకుంటే అది శిఖరంమీది పనే. ఇంకో మాట. అదే కీర్తన 15లో దేవుడు "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అన్నాడు. శ్రమ ఉంటుందని ఆ కీర్తనే ఒప్పుకుంటోంది.

వాక్యాన్ని ఒంటిమీద ఉంచుకోవాలన్న ఆశ మనుషుల్లో చాలా పాతది. 1979లో యెరూషలేములో ఒక పాత సమాధి తవ్వకంలో రెండు చిన్న వెండి రేకుల చుట్టలు దొరికాయి. విప్పి చూస్తే సంఖ్యాకాండం 6లోని యాజక దీవెన మాటలు వాటిమీద చెక్కి ఉన్నాయి, "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అన్న ఆ దీవెనే. దాదాపు 2,600 ఏళ్ళ నాటివి. ఆ ఆశను మనం చిన్నచూపు చూడనక్కరలేదు. కానీ నూనె సీసా, దిండు కింద బైబిలు, మెడలో సిలువ, ఇవి తాయెత్తు స్థానంలోకి వచ్చాయా లేదా అని చూసుకోవాలి. అది పోతే భయం వేస్తోందా? భయం వేస్తే నమ్మకం వస్తువు మీదికి మారిపోయిందన్నమాట. యాకోబు 5:14లో పెద్దలు నూనె రాసి ప్రార్థించమని ఉంది, 15లో రోగిని స్వస్థపరచేది విశ్వాస సహితమైన ప్రార్థన, లేపేవాడు ప్రభువు. ఆ నూనెకు ధర కట్టి అమ్మమని ఎక్కడా లేదు.

ఇప్పుడు చేయవలసిన పని చూద్దాం. ఒక మనవి మీ దగ్గరికి వచ్చినప్పుడు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోండి. ఎవరికోసం, ఏ అపాయం, ఎప్పటిలోగా, ఈ విషయం బృందంలో ఎంతమందికి చెప్పవచ్చు. నాలుగోది చాలామంది అడగరు, గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. తర్వాత మనవిని ఒక్క వాక్యంలో రాయండి. ఉదాహరణకు, కోనసీమ నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన ఒక తల్లి ఉందనుకోండి. ఇంట్లోవాళ్ళు "ఆమె మీద శత్రువు పనిచేస్తున్నాడు" అని చెబుతారు. నిదానంగా అడిగితే తేలేది ఏమిటి? యజమాని పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు, మూడు నెలలుగా జీతం లేదు, ఫోను వారానికి ఒక్కసారే ఇస్తున్నారు, ఆమె బాగా కుంగిపోయింది. ఇప్పుడు మనవి ఇలా అవుతుంది: "ప్రభువా, ఆమె పాస్‌పోర్టు ఆమె చేతికి రావాలి, రావలసిన జీతం అందాలి, ఆ ఇంట్లో ఆమె ఒంటికి మనసుకు హాని జరగకూడదు, నిన్ను విడిచిపెట్టేంత నిరాశలోకి ఆమె జారకూడదు." ఇలా అడిగితే జవాబు వచ్చినప్పుడు గుర్తుపడతాం. రాయబార కార్యాలయానికి ఫిర్యాదు రాయించాలన్న ఆలోచన కూడా ఇలా అడిగినప్పుడే వస్తుంది.

బృందం అయిదు నుంచి ఎనిమిదిమంది ఉంటే మంచిది. పన్నెండు దాటితే ఇద్దరో ముగ్గురో ప్రార్థిస్తారు, మిగతావాళ్ళు ఆమేన్ చెప్పేవాళ్ళుగా మిగిలిపోతారు. గంటసేపు కూటమైతే మొదటి అయిదు నిమిషాలు మౌనం. తర్వాత పది నిమిషాలు ఒక కీర్తన చదివి దానితోనే స్తుతి. 121, 27, 46, 3 ఇవి మార్చి మార్చి వాడండి, ప్రతిసారీ 91 వద్దు. తర్వాత అయిదు నిమిషాలు సొంత పాపాల ఒప్పుకోలు. హృదయంలో పాపాన్ని ఉంచుకుంటే ప్రభువు వినడని కీర్తన 66:18 చెబుతుండగా దీన్ని దాటవేయకూడదు. ఆ తర్వాత ముప్పైఅయిదు నిమిషాలు మనవులకు. ఎనిమిది, తొమ్మిది మనవులకు మించి పెట్టుకోకండి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ముప్పై మనవుల చిట్టా చదివి "ప్రభువా వీళ్ళందరినీ దీవించు" అంటే అది చిట్టా చదవడమే అవుతుంది. చివరి అయిదు నిమిషాలు ప్రభువు నేర్పిన ప్రార్థన, యాజక దీవెన. పరలోక ప్రార్థనలో "దుష్టునినుండి మమ్మును తప్పించుము" అన్న చివరి మనవి దగ్గర ఒక క్షణం ఆగి, ఆ రోజు ప్రార్థించిన పేర్లు మళ్ళీ చెప్పి ముగించండి. ఆ మనవిలో ఉన్నది "నన్ను" కాదు, "మమ్మును". అంటే ఆ ప్రార్థన మొత్తం ఒకరి కోసం ఒకరు చేసే విజ్ఞాపనే.

మాట్లాడవలసింది తండ్రితో. ఈమధ్య కొన్ని కూటాల్లో సాతానును తిట్టడానికే సగం సమయం పోతోంది. యూదా పత్రిక 9వ వచనంలో ప్రధానదూతయైన మిఖాయేలు కూడా దూషించి తీర్పు తీర్చడానికి తెగించలేదు, "ప్రభువు నిన్ను గద్దించును గాక" అన్నాడు, అంతే. ఎఫెసులో స్కెవ కుమారులు ఏడుగురు, పౌలు ప్రకటించే యేసు పేరు అని మంత్రంలా వాడితే, "నేను యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును, గాని మీరెవరు" అని దురాత్మ నుండి జవాబు వచ్చింది. ఒంటిమీద బట్టలు లేకుండా గాయాలతో పరుగెత్తారు. యేసు రక్తం, యేసు నామం అనే మాటలు ఎన్నిసార్లు పలికామన్న లెక్కమీద పనిచేయవు. ఆ పేరుగలవానితో మనకున్న సంబంధమే ముఖ్యం.

ఎఫెసీ 6లో సర్వాంగ కవచం గురించి అందరం పాటలు పాడతాం, 18వ వచనం దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ. దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణం, ఖడ్గం అన్నీ చెప్పాక, సమస్త పరిశుద్ధుల నిమిత్తం విజ్ఞాపన చేస్తూ మెలకువగా ఉండండి అన్నాడు పౌలు. ఆ వెంటనే నాకోసం కూడా అడగండి అన్నాడు. ఏం అడగమన్నాడు? సంకెళ్ళు ఊడాలనా? కాదు, ధైర్యంగా మాట్లాడే నోరు ఇవ్వమని. మీ సంఘ కాపరి కోసం, పాస్టరమ్మ కోసం, వాళ్ళ పిల్లల కోసం ప్రార్థించేటప్పుడు ఈ వచనం వాడండి. వాళ్ళను అడిగేవాళ్ళే గాని వాళ్ళ కోసం అడిగేవాళ్ళు చాలా సంఘాల్లో లేరు. అలసట, ఒంటరితనం, డబ్బు ఇబ్బంది, ఈ మూడు సందుల్లోంచే శోధన వస్తుంది.

గొలుసు ప్రార్థన పెట్టాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హూట్ అనే ఊళ్ళో మొరేవియన్ విశ్వాసులు, ఇరవైనలుగురు పురుషులు, ఇరవైనలుగురు స్త్రీలు, రోజుకు ఒక్కో గంట పంచుకుని ఎడతెగని ప్రార్థన మొదలుపెట్టారు. అది వందేళ్ళకు పైగా సాగింది. ఎందుకు సాగింది? ఒక్కొక్కరి భారం గంట మాత్రమే, ఆ గంట వాళ్ళదని వాళ్ళకు తెలుసు. మన దగ్గర ఇరవైనాలుగు గంటల గొలుసు పెడితే అర్ధగంట చొప్పున నలభైఎనిమిది వంతులు చేయండి. పనిచేసేవాళ్ళకు గంట కష్టం. ఒక్కో వంతుకు పేరు, ఫోను నంబరు రాయండి. వంతు మారేటప్పుడు అయిదు నిమిషాలు ఇద్దరూ కలిసి ప్రార్థించాలి, వెళ్ళేవాళ్ళు ఎక్కడిదాకా వచ్చారో వచ్చేవాళ్ళకు చెప్పాలి. అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఎప్పుడూ జంటలుగా పెట్టండి, గొలుసు తెగేది అక్కడే. అదనంగా నలుగురిని సిద్ధంగా ఉంచుకోండి. ఆడవాళ్ళను ఆ వేళలో గుడికి రప్పించకండి, ఇంటినుంచే చేయవచ్చు.

ఇక ఒంగోలు ప్రార్థన కొండ సంగతి. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. అలా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలుకు చేరింది 1866లో. పన్నెండేళ్ళు. ఆ తర్వాత 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు వచ్చింది. ప్రజల మీదికి వచ్చిన ఆ కీడు ముందు క్లౌ దొర ప్రార్థించి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని ఇచ్చాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనందరికీ తెలుసు. ఆ లెక్క చెప్పేటప్పుడు కాలువ సంగతి కూడా చెప్పండి.

నెహెమ్యా 4:9లో ఈ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. దేవునికి ప్రార్థన చేశాం, రాత్రింబగళ్ళు కావలి ఉంచాం. 16వ వచనంలో సగంమంది గోడ కడుతుంటే సగంమంది ఈటెలు పట్టుకుని నిలబడ్డారు. కాబట్టి పాము కరిచిందని ఫోను వస్తే ముందు 108కి చేయించండి. విషానికి మందు ఆసుపత్రిలో ఉంది, కరిచిన కాలు కదపకుండా ఎంత త్వరగా చేరితే అంత మంచిది. ప్రార్థన దారిలో చేయండి. చెవుల్లో గొంతులు వినిపిస్తున్నాయంటే, చచ్చిపోవాలనిపిస్తోందంటే, దయ్యమని తేల్చేముందు మానసిక వైద్యుడికి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. అలాంటివాళ్ళను కట్టేయడం, కొట్టడం, మందులు ఆపించడం చేస్తే మనమే వాళ్ళకు కీడు చేసినవాళ్ళమవుతాం. భర్త కొడుతున్నాడన్న మనవికి సహనం ఇవ్వమని ప్రార్థించి పంపించకండి. మహిళల సహాయ నంబరు 181 ఉంది, ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందో అది ముందు చూడండి. పసిబిడ్డ మీద అఘాయిత్యం జరిగిందని ప్రార్థన మనవిలో తెలిస్తే దాన్ని రహస్యమని దాచే హక్కు మనకు లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పితీరాలి. పిల్లల సహాయానికి 1098.

ఉపవాసం గురించి. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు, గర్భిణులు, బాలింతలు పూర్తి ఉపవాసం ఉండకూడదు. షుగరు పడిపోయి చెమటలు పట్టి తూలితే దాన్ని ఆత్మీయ దాడి అనుకుని ఇంకా ప్రార్థించినవాళ్ళున్నారు. అక్కడ కావలసింది చక్కెర నీళ్ళు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా నీళ్ళు మానకండి. భోజనం మానలేనివాళ్ళు ఫోను మానవచ్చు, ఆ సమయం ప్రార్థనకు ఇవ్వవచ్చు.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది ఒకటుంది. కీడు ఎవరు చేశారని అడిగితే పేరు చెప్పకండి. దర్శనంలో కనిపించిందని, ఆత్మ చెప్పిందని, పక్కింటి ముసలమ్మ వైపో, తోడికోడలి వైపో వేలు చూపించకండి. మన పల్లెల్లో చేతబడి నెపంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టారు, సజీవంగా తగలబెట్టారు. ప్రార్థన కూటంలో పుట్టిన అనుమానం అక్కడిదాకా వెళ్ళగలదు. మన పోరాటం రక్తమాంసాలతో కాదని ఎఫెసీ 6:12 చెబుతోంది. ఎవరినైనా శత్రువు అంటే, మత్తయి 5:44 ప్రకారం వెంటనే అతని పేరు మనవుల పుస్తకంలో దీవెన కోసం రాయాలి. అలా రాయడానికి చెయ్యి రాకపోతే ఆ మనవిని ఆ రోజుకు పక్కన పెట్టి ఒప్పుకోలుకు తిరిగి వెళ్ళండి.

గుట్టు విషయం కూడా దీనికి దగ్గరే. "ప్రార్థన కోసమే చెబుతున్నాను" అని మొదలైన మాట సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో తిరిగితే, ఆ కుటుంబం ఇంకెప్పుడూ మనవి ఇవ్వదు. అమ్మాయి పెళ్ళి చెడిందనో, అబ్బాయి తాగుతున్నాడనో గ్రూపులో పెట్టకండి. "ఒక కుటుంబంలో సమాధానం కోసం" అంటే చాలు. వివరం దేవునికి తెలుసు.

ఇక చివరిది, అందరికంటే మీకు బాగా తెలిసిన బాధ. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం. మొదటి రెండు వచనాల్లో యోహాను సహోదరుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడు. ఆ తర్వాత పేతురును పట్టుకుని నాలుగేసిమంది గల నాలుగు చతుష్టయాలకు, అంటే పదహారుమంది సైనికులకు, అప్పగించాడు. సంఘం అత్యాసక్తితో ప్రార్థించింది, దూత వచ్చాడు, ఇనుప తలుపు దానంతటదే తెరుచుకుంది. ఒకే సంఘం, ఒకే రాజు, ఒకే దేవుడు. ఒకరు వెళ్ళిపోయారు, ఒకరు మిగిలారు. యాకోబుకు విశ్వాసం తక్కువని లూకా రాయలేదు. ఆయన ఇంట్లో దాగిన పాపం ఉందని రాయలేదు. కారణమే రాయలేదు. లేఖనం ఊరుకున్నచోట మనమూ ఊరుకోవాలి. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు గుండం ముందు నిలబడి రాజుతో, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. మన మనవుల్లో ఆ రెండో సగం కూడా ఉండాలి, అది అవిశ్వాసం కాదు.

కాబట్టి ప్రార్థించిన మనిషి చనిపోతే, ఆ ఇంటికి వెళ్ళి కారణాలు చెప్పకండి. "మీరు సరిగ్గా నమ్మలేదు", "ఉపవాసం మధ్యలో ఆపేశారు" అనే మాటలు యోబు స్నేహితులు మాట్లాడినలాంటివే. వాళ్ళమీద దేవుడు కోపపడ్డాడు, చివరికి యోబే వాళ్ళకోసం ప్రార్థించవలసి వచ్చింది. మొదటి ఏడు రోజులు వాళ్ళు నేలమీద మాట్లాడకుండా కూర్చున్నారు చూడండి, అంతవరకు వాళ్ళు చేసింది మంచిదే.

ఆ ఇంటి పేరు పుస్తకంలోంచి కొట్టేయకండి. మనవి మార్చి రాయండి. భార్య మిగిలితే ఆమె నమ్మిక తప్పిపోకూడదని. పిల్లలు దేవుని మీద కోపంతో దూరం కాకూడదని. అప్పులవాళ్ళు, ఆస్తికోసం వచ్చే బంధువులు ఆమెను నొక్కేయకూడదని. దుష్టుడు ఇప్పుడు ఆ ఇంట్లో ఈ తలుపుల దగ్గరే ఉంటాడు. మరణ ధ్రువీకరణ పత్రం, వితంతు పెన్షను, పిల్లల స్కూలు ఫీజు, ఈ పనులకు బృందంలోనుంచి ఒకరిని పేరుపెట్టి అప్పగించండి. జ్ఞాపకార్థ కూటం అయ్యాక అందరూ వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఏడాదిపాటు నెలకోసారైనా ఆ పేరు మీ కూటంలో వినబడాలి. మొదటి క్రిస్మస్, మొదటి పెళ్ళిరోజు, చనిపోయిన తేదీ, ఈ మూడింటినీ ఇప్పుడే ఆ వరుసలో రాసిపెట్టుకోండి.